గ్రీజులో పురి

గ్రీజు గురించి బ్లాగు రాస్తానంటే ఇంట్లోవాళ్ళు నవ్వారు. నవ్వుకోనీండి. చాలా ఏళ్ళుగా గ్రీజు తయారయ్యే చోట ల్యాబ్‌లో పనిచేస్తున్నవాణ్ణి, రోజూ చేతికి అంటే ఈ జిడ్డు సరుకులో ఎంత కెమిస్ట్రీ దాక్కుని ఉందో ఎవరికైనా చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. అణువులు ఎవరూ చెప్పకుండానే ఒకచోట చేరి, వరసగా పేర్చుకుని, అన్నీ ఒకే వైపు మెలితిరిగిన నానో పోగులుగా తయారవడం అనేది పెద్ద పరిశోధన విషయం. సెమినార్లలో దాన్ని చూపించడానికి నెలల తరబడి కష్టపడి చేసిన, నోరు తిరగని పేర్లున్న అణువుల్ని తెస్తారు. అదే పని మీ సైకిల్ హబ్బులో, బండి చక్రం బేరింగులో, ఊళ్ళో ట్రాక్టరుకి కొట్టే గ్రీజు గన్నులో ఎప్పటినుంచో జరిగిపోతోంది. అదీ ఆముదం పుణ్యమా అని.

గ్రీజంటే చిక్కటి నూనె అనుకుంటారు చాలామంది. కాదు. అందులో నూనె నూనెలాగే ఉంటుంది, మామూలు లూబ్రికెంట్ ఆయిలు, నూటికి 85 నుంచి 90 పాళ్ళు. మిగిలిన కొంచెంలో ఎక్కువ భాగం సబ్బు. బట్టల సబ్బు సోడియంతో చేస్తే ఇది లిథియంతో చేస్తారు, అంతే తేడా. ప్రపంచంలో తయారయ్యే గ్రీజులో సగానికి పైగా ఈ లిథియం సబ్బు రకమే. మరి ఇంత కొంచెం సబ్బు అంత నూనెని జారిపోకుండా ఎలా పట్టి ఉంచుతుంది? డబ్బా తలకిందులు చేసినా కారదు, బేరింగులో నలిగినప్పుడు మాత్రం కాస్త నూనె వదిలి పని కానిస్తుంది.

ద్రావకంతో నూనెని కడిగేసి, మిగిలినదాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే జవాబు కనబడుతుంది. దూది చిక్కుబడ్డట్టు కోటానుకోట్ల పోగులు. ఒక్కో పోగు మందం మైక్రాన్‌లో (మిల్లీమీటర్లో వెయ్యో వంతు) పదో వంతు, అటూ ఇటూగా; పొడవు కొన్ని మైక్రాన్లు. ఈ చిక్కు మధ్య సందుల్లోనే నూనె ఇరుక్కుని ఉంటుంది. ఇంకాస్త దగ్గరగా చూస్తే పోగులకి పురి ఉంది. ఒకటి అటు, ఒకటి ఇటు కాదు, అన్నింటికీ ఒకే వైపు పురి.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. టాచిబానా, కంబారా అనే ఇద్దరు జపాన్ శాస్త్రవేత్తలు 1965లోనే దీని గురించి రాశారు. ఈ సబ్బు చేసే ఆమ్లంలో రెండు రకాలుంటాయి, ఒకదానికొకటి అద్దంలో బొమ్మ. ఒక రకంతో సబ్బు చేస్తే పోగులు ఒక వైపు మెలితిరిగాయి. అద్దంలో బొమ్మ రకంతో చేస్తే సరిగ్గా ఎదురువైపు తిరిగాయి. రెండూ సమానంగా కలిపి చేస్తే పురి మాయం. నాకు ఈ మూడో ఫలితం దగ్గరే అసలు కథ ఉందనిపిస్తుంది, దానికి తర్వాత వస్తాను. ముందు ఆముదం సంగతి.

ఆముదంలో ఉండే ఫ్యాటీ యాసిడ్లలో దాదాపు 85 నుంచి 90 శాతం ఒక్కటే, రిసినోలిక్ యాసిడ్. వేరుశెనగ, పొద్దుతిరుగుడు, నువ్వులు, ఏ నూనె తీసుకున్నా నాలుగైదు రకాల యాసిడ్లు కలగలిసి ఉంటాయి, ఒకే యాసిడ్ మీద ఇంత పట్టుదల చూపించే గింజ అరుదు. ఈ రిసినోలిక్ యాసిడ్ 18 కార్బన్ల గొలుసు. ఒక కొసన ఆమ్లం తల, 9వ కార్బన్ దగ్గర ఒక డబుల్ బాండు, 12వ కార్బన్ మీద ఒక ఓహెచ్ గుంపు, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ల జంట. ఆ 12వ కార్బన్‌కి నాలుగు వైపులా నాలుగు వేరువేరు సంగతులు తగులుకుని ఉన్నాయి: ఒక హైడ్రోజన్, ఒక ఓహెచ్, ఒక వైపు ఆరు కార్బన్ల తోక, ఇంకో వైపు తలతో సహా పదకొండు కార్బన్ల గొలుసు. నాలుగూ వేరైతే వాటిని రెండు విధాలుగా అమర్చవచ్చు. రెండూ అద్దంలో బొమ్మలే కానీ ఎంత తిప్పినా ఒకటి ఇంకోదాని మీద సరిగ్గా కూర్చోదు. ఈ గుణాన్నే కైరాలిటీ అంటారు, మన మాటల్లో చేతివాటం. రెండు అమరికలకీ ఆర్ అనీ ఎస్ అనీ పేర్లు పెట్టుకున్నారు కెమిస్టులు.

ఆముదం చెట్టు ఆర్ మాత్రమే చేస్తుంది. గింజలో ఒక ఎంజైమ్ ఉంది, దాని పనల్లా ఒలీక్ యాసిడ్ గొలుసు పట్టుకుని 12వ కార్బన్ దగ్గర ఓహెచ్ తగిలించడం. ఆ ఎంజైమే ఒక చేతివాటం ఉన్న అమైనో యాసిడ్లతో కట్టిన యంత్రం కాబట్టి గొలుసు అందులో ఒకే తీరుగా కూర్చుంటుంది, ఓహెచ్ ఒకే పక్క పడుతుంది. అదే పనిని మనం ల్యాబ్‌లో చేతివాటం లేని మామూలు రసాయనాలతో చేస్తే సగం ఆర్, సగం ఎస్ వస్తుంది. వాటిని విడదీయడానికి అయ్యే ఖర్చుతో గ్రీజు చేస్తే కిలో ధర చూసి మెకానిక్ మనల్ని షాపు మెట్లు దింపుతాడు.

ఇక్కడ ఒక మాట. ఆముదం పంటలో మన దేశమే ప్రపంచంలో ముందుంది, అందులో సింహభాగం గుజరాత్‌ది. మన దగ్గర పాలమూరు, నల్గొండ వైపు చల్క నేలల్లో వానాధారంగా వేస్తారు, దాసరి పురుగు తినగా మిగిలింది ఇంటికి తెచ్చుకుంటారు. ఈ పంటమీద పరిశోధన చేసే నూనెగింజల సంస్థ రాజేంద్రనగర్‌లోనే ఉంది. ఆముదం అంటే ఇప్పటికీ తలకి రాసుకునేదో, విరేచనానికి తాగేదో అనుకుంటాం కానీ ఈ రైతు పండించే గింజలో ఒక్కో అణువుకీ చేతివాటం సరిచూసి మరీ పంపిస్తోంది చెట్టు. ఇంత నాణ్యతకి రైతుకి దక్కే ధరెంత అని అడిగితే మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు.

ఆ నూనెని నికెల్ ఉత్ప్రేరకం పెట్టి హైడ్రోజన్ ఎక్కిస్తే 9 దగ్గరి డబుల్ బాండు పోతుంది. వంకర పోయి గొలుసు నిటారుగా అవుతుంది, నూనె కాస్తా గట్టి మైనంలా మారుతుంది, దాదాపు 85 డిగ్రీల దాకా కరగదు. 12వ కార్బన్ జోలికి మాత్రం ఎవరూ పోరు. తర్వాత దాన్ని విడగొడితే 12-హైడ్రాక్సీ స్టియరిక్ యాసిడ్, మా భాషలో హెచ్చెస్సే. దంతం రంగు పెంకుల్లా బస్తాల్లో వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఒక్క కార్బన్ మీద ఒక్క ఓహెచ్ ఏ పక్కన ఉంది అన్నది, దానికంటే వేల రెట్లు పొడవైన పోగు ఎటు మెలితిరగాలో ఎలా నిర్ణయిస్తుంది?

వేడి నూనెలో ఈ అణువులు విడివిడిగా ఈదుతూ ఉంటాయి. చల్లబడుతుంటే నూనెలో ఉండటం వాటికి ఇబ్బంది, ముఖ్యంగా ఆ తలలకి, ఆ ఓహెచ్‌లకి. తలలు తలలతో చేరతాయి, గొలుసులు పక్కపక్కనే నిలబడతాయి. అప్పుడు ఒకదాని ఓహెచ్ పక్కదాని ఓహెచ్‌ని హైడ్రోజన్ బంధంతో పట్టుకుంటుంది, అది దాని పక్కదాన్ని, అది ఇంకోదాన్ని. ఇలా ఓహెచ్‌ల వరస పోగు పొడవునా సాగుతుంది. అన్ని అణువుల్లోనూ ఓహెచ్ ఒకే పక్క ఉంది కాబట్టి, పట్టు సరిగ్గా కుదరాలంటే ప్రతి అణువూ తన పక్కదాని కంటే రవ్వంత పక్కకి తిరిగి నిలబడాలి. ఆ రవ్వంత ప్రతిసారీ ఒకే వైపు. ఒక్కో జత దగ్గర కంటికి ఆనని వంపు, వందలు వేలు దాటేసరికి పూర్తి చుట్టు. ఎవరూ మేస్త్రీ పని చేయలేదు, ఏ అణువుకీ పోగు రూపం తెలీదు, పక్కవాడితో కుదిరితే చాలు దానికి.

సగం ఆర్, సగం ఎస్ కలిస్తే ఏమవుతుందంటే, రెండు రకాలూ ఒకదానికొకటి ఎదురుబొదురుగా చక్కగా సర్దుకుంటాయి. ఒకటి ఇటు తిరగాలంటే ఇంకోటి అటు తిరగాలంటుంది, లెక్క సున్నా. పురి లేదు. ఇంతవరకు ఎవరైనా ఊహించవచ్చు. ఊహకి అందనిది దాని తర్వాతది: పురి పోయేసరికి పోగులే పోతాయి, పలకలు వస్తాయి.

దీని వెనక లెక్క నాకు చాలా ఇష్టం. మెలితిరిగిన రిబ్బనుని వెడల్పు చేస్తూ పొండి. మధ్యలో ఉన్న అణువులు నిటారుగా పోతే సరిపోతుంది, అంచున ఉన్నవి మాత్రం చుట్టూ తిరిగి రావాలి, అదే ఎత్తు ఎక్కడానికి ఎక్కువ దారి. అంటే అంచుల దగ్గర అణువులు సాగి నిలబడాలి. అవి రబ్బరు కావు కదా, సాగడం వాటికి నష్టం. కాబట్టి కొత్తగా వచ్చిన అణువుకి పక్కన చేరి వెడల్పు పెంచడం కంటే కొసన చేరి పొడవు పెంచడమే లాభం అనే స్థితి ఒకటి వస్తుంది. అక్కడితో వెడల్పు ఆగిపోతుంది, పొడవు సాగుతూనే ఉంటుంది. పురి లేని చదును స్ఫటికానికి ఈ బెడద లేదు, అన్ని వైపులా విచ్చలవిడిగా పెరిగి పలక అవుతుంది. పలకలు ఒకదానికొకటి అల్లుకోవు, నూనెని పట్టవు. విడి ఆమ్లంతో మినరల్ ఆయిల్‌లో చేసిన ప్రయోగాల్లో ఇది బాగా తేలింది: ఒకే చేతివాటం ఉన్నది కొంచెం వేస్తేనే నూనె మొత్తం గడ్డకడుతుంది, సగం సగం కలిపినదైతే చాలా ఎక్కువ వేయాలి, వేసినా అంతంతమాత్రమే.

అంటే ఈ చేతివాటం కేవలం అందానికి కాదు. అది సన్నదనాన్ని ఇస్తోంది, సన్నదనం అల్లికని ఇస్తోంది, అల్లిక నూనెని పట్టుకుంటోంది. బేరింగుకి ఎడమ పురి అయినా ఒకటే, కుడి పురి అయినా ఒకటే. ఎటు అన్నది దానికి అక్కర్లేదు, అందరూ ఒకే వైపు ఉండటమే కావాలి.

తయారీ చూస్తే ఇదంతా కళ్ళముందే జరుగుతుంది, ఏం చూడాలో తెలిస్తే. కెటిల్‌లో, అంటే గ్రీజు వండే పెద్ద పాత్రలో, కొంత నూనె పోసి, యాసిడ్ పెంకులు వేసి 80, 85 డిగ్రీలకి తెస్తే కరిగిపోతాయి. లిథియం హైడ్రాక్సైడ్‌ని వేడినీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా వదలాలి. తొందరపడితే నురగ పొంగి మూత దాటి ఫ్లోరు మీదకి వస్తుంది, ఆ తర్వాత కడుక్కునేది ఎవరో మీరే ఊహించుకోండి. నీరంతా ఆవిరైపోయాక వేడి 200 డిగ్రీల దరిదాపుల దాకా తీసుకెళ్తాం. అక్కడ ఒక విచిత్రం జరుగుతుంది. అప్పటిదాకా తెల్లగా మందంగా తిరుగుతున్న ముద్ద పల్చబడి, తేటబడి, టీ డికాక్షన్ రంగులో మామూలు ద్రవంలా అయిపోతుంది. సబ్బు కరిగిపోయింది, పోగులేవీ లేవు. ఇప్పుడు చూసినవాళ్ళు ఇది గ్రీజవుతుందంటే నమ్మరు.

ఇక చల్లార్చడం. మిగతా నూనె చల్లగా పోస్తాం. కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత గ్రీజుని కలిపే ప్యాడిల్ మోటారు ఆంపియర్ మీటరు ముల్లు మెల్లగా లేవడం మొదలవుతుంది. కెటిల్ మీద కిటికీలోంచి చూస్తే ఇంకా పెద్ద తేడా తెలీదు కానీ ముల్లు చెప్పేస్తుంది, లోపల పోగులు పుడుతున్నాయని. చల్లార్చే వేగం మీదే సగం పనితనం ఉంది. గబగబా చల్లారిస్తే ఒకేసారి ఎక్కడపడితే అక్కడ మొలకలు పుట్టి, కొమ్మలు కొమ్మలుగా చీలి, పొట్టి పోగులు. నిదానంగా చల్లారిస్తే తక్కువ మొలకలు, పొడవైన పోగులు. పాత ఆపరేటర్లకి దీని వెనక సైన్సు తెలియకపోవచ్చు, కానీ ఏ రోజు నూనె ఎంత నెమ్మదిగా వదలాలో వాళ్ళకి తెలిసినంత నాకు తెలీదు, ఇది వినయం కోసం చెప్తున్న మాట కాదు.

చివరికి నా దగ్గరికి వచ్చే పని పెనెట్రేషన్. గ్రీజుని ఒక గిన్నెలో నింపి, చిల్లుల పలకతో 60 సార్లు కిందికీ పైకీ దంచి, 25 డిగ్రీల దగ్గర పై నుంచి ఒక లోహపు శంకువుని 5 సెకన్లు వదులుతాం. ఎంత లోతు దిగిందో మిల్లీమీటర్లో పదో వంతుల్లో లెక్క. 265కీ 295కీ మధ్య పడితే అది రెండో నంబరు గ్రీజు, అంగట్లో ఎక్కువగా దొరికేది అదే. ఆ దంచడం ఎందుకంటే బేరింగులో అది ఎలాగూ నలుగుతుంది, నలిగాక కూడా నిలబడుతుందా అన్నదే ప్రశ్న. ఓహెచ్ లేని మామూలు స్టియరిక్ యాసిడ్‌తోనూ లిథియం గ్రీజు అవుతుంది, తొలినాళ్ళలో అలాగే చేశారు కూడా, కానీ నలిగేకొద్దీ త్వరగా పల్చబడుతుంది. ఓహెచ్‌లు పట్టుకున్న పట్టు అక్కడ తెలుస్తుంది.

ఈ మధ్య డబ్బాల మీద నానో టెక్నాలజీ అని మెరిసే అక్షరాలతో వేసి రెట్టింపు ధరకి అమ్ముతున్నవి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 1940లలో లిథియం గ్రీజు వచ్చినప్పటినుంచీ మనం కొంటున్నది నానో పోగులనే కదా! పైగా బ్యాటరీల పుణ్యమా అని లిథియం ధర ఎప్పుడు ఎగురుతుందో తెలీదు, అది వేరే టెన్షన్.

చేతివాటం అనే సంగతి మొదట బయటపడిన తీరు కూడా స్ఫటికాల్లోంచే. 1848, పారిస్. పాశ్చర్‌కి అప్పటికి 25 ఏళ్ళు. ద్రాక్షసారా పీపాల్లో దొరికే టార్టారిక్ యాసిడ్ ద్రావణం గుండా ఒకే తలంలో కంపించే కాంతిని పంపితే ఆ తలాన్ని ఒక వైపు తిప్పుతుంది, అచ్చం అదే కూర్పు ఉన్న ఇంకో యాసిడ్ మాత్రం ఏమీ తిప్పదు. ఎందుకు? తిప్పనిదాని సోడియం అమ్మోనియం లవణాన్ని స్ఫటికాలుగా చేసి చూస్తే, ఒక మూల చిన్న ముఖం కొన్నింటికి ఒక పక్క, కొన్నింటికి ఇంకో పక్క వాలి ఉంది. కూర్చుని పటకారుతో ఒక్కొక్కటీ ఏరి రెండు కుప్పలు పెట్టాడు. ఒక కుప్ప కాంతిని అటు తిప్పింది, ఇంకోటి ఇటు. ఆ రంగంలో పెద్దాయన, బియో అనే శాస్త్రవేత్త, నమ్మకుండా తన రసాయనాలే ఇచ్చి తన ఎదుట మళ్ళీ చేయించాడట. ఈ కథ అందరూ చెప్తారు. తక్కువమంది చెప్పేది ఏంటంటే, ఆ లవణం దాదాపు 27 డిగ్రీల లోపు ఉంటేనే అలా వేరువేరు స్ఫటికాలుగా వస్తుంది. అంతకంటే వేడిగా ఉంటే రెండు రకాలూ ఒకే స్ఫటికంలో కలిసిపోతాయి, ఏరడానికి ఏమీ ఉండదు. ఇదే ప్రయోగం మే నెలలో హైదరాబాద్‌లో ఫ్యాన్ కింద కూర్చుని చేసుంటే పాపం పాశ్చర్‌కి ఏ కుప్పా దక్కేది కాదు.

మన చింతపండు పులుపు కూడా ప్రధానంగా ఈ టార్టారిక్ యాసిడ్‌దే, ద్రాక్షలో ఉన్న చేతివాటమే. దీనితో 1999లో ఫ్రాన్స్‌లో బోర్డోలో రేకో ఓడా బృందం చేసిన ప్రయోగం ఒకటుంది. వాళ్ళు తీసుకున్న డిటర్జెంట్ లాంటి అణువుకి రెండు తలలు, రెండు తోకలు, చేతివాటం మాత్రం లేదు. దాని తలలకి ప్లస్ చార్జి, కాబట్టి పక్కన మైనస్ చార్జి ఉన్నది ఏదో ఒకటి తోడు ఉండాలి. ఆ తోడుగా టార్టారిక్ యాసిడ్ అయాన్‌ని, అంటే టార్ట్రేట్‌ని, పెట్టారు. నీళ్ళలో అణువులు రెండు పొరల రిబ్బన్లుగా చేరాయి, చేరి మెలితిరిగాయి. టార్ట్రేట్ చేతివాటం మారిస్తే పురి వైపు మారింది. రెండు రకాల టార్ట్రేట్లనీ వేరువేరు పాళ్ళలో కలుపుతూ పోతే పురి క్రమంగా వదులై, సమానం అయ్యేసరికి రిబ్బను చదును. రేడియో వాల్యూమ్ తిప్పినంత సాఫీగా. మా హెచ్చెస్సేలో చేతివాటం అణువు ఒంట్లోనే ఉంది. ఇక్కడ అది ఒంట్లో లేదు, పక్కన నిలబడ్డ తోడులో ఉంది, అయినా గుంపంతా దాని మాట విన్నది.

మన దేశంలోనూ ఈ పని బాగానే జరుగుతోంది. తిరువనంతపురంలో అజయఘోష్ బృందం కాంతిని పీల్చి వెలిగే పొడవైన అణువులతో ఇలాంటి జెల్లులు చేసి చూపించింది. వాటితో ఒక సౌకర్యం, రంగున్న అణువులు కాబట్టి ఎడమకి మెలితిరుగుతూ పోయే కాంతినీ కుడికి మెలితిరుగుతూ పోయే కాంతినీ వేరువేరుగా ఎంత పీల్చాయో కొలిస్తే పోగుల పురి ఎటో తెలుస్తుంది. విడి అణువులుగా ఉన్నప్పుడు దాదాపు ఏమీ కనబడని సంకేతం, చల్లబడి పేర్చుకోగానే దిగ్గున లేస్తుంది. వేడి చేస్తే మళ్ళీ మాయం.

వీటన్నిటికంటే పాతది, మన ఒంట్లోనే ఉన్నది కొల్లాజెన్ అనే ప్రోటీన్. ఎముక, చర్మం, స్నాయువు, అన్నింటికీ అదే ఆధారం. దాని నిర్మాణం మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా తేల్చారు, 1954, 55ల్లో. అంత పెద్ద ప్రశ్నకి జవాబు కేంబ్రిడ్జ్ నుంచి కాక గిండీ వైపు నుంచి రావడం అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదేమో అనిపిస్తుంది నాకు. క్రిక్, రిచ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ తర్వాత కొన్ని సవరణలు చేశారు కానీ మూడు పేటల సంగతి నిలిచింది. ఒక్కో గొలుసుకి ఎడమ పురి. అలాంటి మూడింటిని కలిపితే వచ్చే పేటకి కుడి పురి. ఊళ్ళో మోకు పేనేవాళ్ళని చూసినవాళ్ళకి ఇది వెంటనే తెలిసిపోతుంది. నారకి ఒక వైపు పురి ఎక్కించి, ఆ పోగుల్ని కలిపేటప్పుడు ఎదురు పురి వేస్తారు. పోగు విప్పుకోవాలని చూసినకొద్దీ తాడు బిగుస్తుంది, తాడు విప్పుకోవాలని చూస్తే పోగు బిగుస్తుంది. ముడి వేయకపోయినా ఊడదు. కొల్లాజెన్ సరిగ్గా అదే పని చేస్తోంది, 1.5 నానోమీటర్ల మందంలో.

ఇక్కడా ఓహెచ్‌దే పెత్తనం. కొల్లాజెన్‌లో ప్రోలీన్ అనే అమైనో యాసిడ్లకి ఓహెచ్ తగిలిస్తేనే ఆ మూడు పేటలు ఒంటి వేడికి విడిపోకుండా నిలబడతాయి. ఆ తగిలించే ఎంజైమ్‌కి విటమిన్ సి కావాలి. అది అందకపోతే వచ్చేదే స్కర్వీ, చిగుళ్ళు రక్తం కారడం, పాత గాయాలు తిరగబెట్టడం. నిమ్మకాయకీ పోగుల పురికీ సంబంధం ఉందని ఎవరనుకుంటారు? ఇంకో ముచ్చట, కొల్లాజెన్‌ని చల్లగా ద్రావణంలో ఉంచి 37 డిగ్రీలకి వేడి చేస్తే తనంతట తానే పోగులు కట్టి గడ్డకడుతుంది, గ్రీజుకి పూర్తిగా ఉల్టా. ఆ పోగుల మీద 67 నానోమీటర్లకి ఒకటి చొప్పున చారలు పడతాయి.

ఆ మధ్య కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు కెటిల్ దగ్గర నిలబడి అడిగాడు, "సార్, ప్యాడిల్ అటు కాకుండా ఇటు తిప్పితే పోగుల పురి మారుతుందా?" పక్కవాళ్ళు నవ్వారు కానీ అది నవ్వే ప్రశ్న కాదు. 1990లో అమెరికాలో నార్త్ కరోలినాలోని వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ నుంచి దిలీప్ కొండేపూడి బృందం సైన్స్ పత్రికలో వేసిన పేపరు సరిగ్గా కలపడం గురించే. సోడియం క్లోరేట్ అనే లవణం ఉంది. నీళ్ళలో దానికి ఏ చేతివాటమూ లేదు, స్ఫటికంగా మారితే మాత్రం ఎడమదో కుడిదో అవుతుంది. కదపకుండా వదిలేస్తే ఎడమవి సగం, కుడివి సగం. కలుపుతూ స్ఫటికాలు చేస్తే ఒక గిన్నెలో ఉన్నవి దాదాపు అన్నీ ఒకే రకం, నూటికి తొంభై తొమ్మిది పైనే. ఒక గిన్నెలో అన్నీ ఎడమవి, ఇంకో గిన్నెలో అన్నీ కుడివి, ఏ గిన్నెలో ఏది వస్తుందో ముందే చెప్పలేం. మొదట పుట్టిన ఒక్క స్ఫటికం కలిపే కడ్డీ తాకిడికి ముక్కలై, ఆ ముక్కలే విత్తనాలై, మిగతావన్నీ దాని సంతానంగా పుట్టడమే కారణం. కలపడం ముఖ్యం, కలిపే దిశ కాదు.

దిశ కూడా పనిచేసే సందర్భం ఉంది. 2001లో బార్సిలోనాలో రిబో బృందం పోర్ఫిరిన్ అణువులతో, అంటే మన రక్తంలో హీమ్‌కి, ఆకుల్లో పత్రహరితానికి చుట్టమైన రంగు అణువులతో చేశారు. వాటికి చేతివాటం లేదు. ద్రావణాన్ని సుడి తిప్పుతూ అవి పేర్చుకునేలా చేస్తే, సుడి ఎటు తిరిగితే దాన్నిబట్టి పేర్పుల చేతివాటం మొగ్గింది. గిన్నె తిరిగే వైపు అణువుల పేర్పు మీద అచ్చుపడటం అంటే మొదటిసారి చదివినప్పుడు నేనూ రెండుసార్లు చదివాను.

మా గ్రీజు దగ్గర ఆ అవకాశం లేదు. ఎటు తిరగాలో 12వ కార్బన్ ఆముదం గింజలోనే తేల్చుకుని వచ్చింది, ప్యాడిల్‌కి అందులో ఓటు లేదు. కుర్రాడికి ఇదంతా చెప్పాను, శ్రద్ధగా విన్నాడు, తర్వాత కెటిల్‌లోకి తొంగిచూసి తనే అన్నాడు: "అయినా సార్, మన దాంట్లో ప్యాడిళ్ళు రెండు కదా, ఒకటి అటు తిరుగుతుంటే ఇంకోటి ఇటు తిరుగుతోంది."